గాలిమోటరు ఎవరి పైసలతో ఎగిరింది?



పోయిన భాగాన్ని కాజీపేట–బల్లార్షా రైలు పట్టాల దగ్గర ఆపాం. ఈసారి పట్టాలు వదిలి పైకి చూద్దాం. కారణం ఉంది. మన దగ్గర విమానాశ్రయం ముచ్చట మళ్ళీ మొదలైంది. బసంత్‌నగర్ పాత రన్‌వే పనికొస్తుందా, దానికి బదులు అంతర్గాం వైపు భూములు తీసుకోవాలా అని పేపర్లలో వస్తూనే ఉంది. మొన్న క్లాసులో ఒక పిల్లవాడు అడిగాడు: "సార్, మనకు గాలిమోటరు వస్తదా?"

"ఒకసారి వచ్చి పోయింది కదా" అన్నాను. క్లాసంతా నా మొహం చూసింది. అందులో సగం మంది బాయి కార్మికుల పిల్లలు, బసంత్‌నగర్ మీదుగా కరీంనగర్ పోయి వచ్చేవాళ్ళే. అయినా ఎవరికీ తెలియదు. తెలియకపోవడం వాళ్ళ లోపం కాదు. ఆ విమానంలో వాళ్ళ తాతలు గానీ తండ్రులు గానీ ఎక్కలేదు. ఎక్కనిదాని గురించి ఇంట్లో ఎవరు చెప్తారు?

ముందు మాట సంగతి చూద్దాం. తెలుగు పాఠాలు చెప్పేవాణ్ణి కాబట్టి ఈ అలవాటు పోదు. 'విమానం' అంటే మనకిప్పుడు ఎగిరే యంత్రం. గుడి కట్టేవాళ్ళ భాషలో విమానం అంటే గర్భగుడి మీద లేచే గోపురం. గుడిలోకి రానివ్వని మనుషులకు కనబడేది అదొక్కటే, అదీ దూరం నుంచి. పురాణాల్లో పుష్పక విమానం కుబేరుడిది, తర్వాత రావణుడిది, ఆఖరికి రాముడు ఎక్కాడు. రాజులు మారినా ఎక్కేవాళ్ళ అంతస్తు మారలేదు. మన వాడల్లో ముసలివాళ్ళు ఈ మాట వాడలేదు, 'గాలిమోటరు' అన్నారు. బస్సు మోటరు, ఇది గాలిలో పోయే మోటరు. నాకు ఈ మాటే నచ్చుతుంది. మోటరు అన్నాక టికెట్టు ఉంటుంది, నడిపేవాడు ఉంటాడు, పెట్టుబడి పెట్టినవాడు ఉంటాడు. ప్రశ్నలు అడగొచ్చు.

అలా అడగాల్సిన మొదటి గాలిమోటరు కంపెనీ డెక్కన్ ఎయిర్‌వేస్. 1945లో హైదరాబాద్ రాజ్యంలో పుట్టింది, బేగంపేట కేంద్రంగా నడిచింది. దాని గురించి రాసినవాళ్ళు ఎక్కువగా నిజాం గొప్పతనం గురించో పాత హైదరాబాద్ సొగసు గురించో రాశారు. వాటాల లెక్క దగ్గర ఎవరూ ఎక్కువసేపు ఆగరు. మనం ఆగుదాం. అందులో 71 శాతం నిజాం స్టేట్ రైల్వేది, 29 శాతం టాటా ఎయిర్‌లైన్స్‌ది. అంటే ఆ విమానాల అసలు యజమాని ఒక రైల్వే.

ఆ రైల్వే కథ ఇదీ. మొదట ఇంగ్లీషు కంపెనీ చేతిలో ఉండేది. 1930 ఏప్రిల్ 1న నిజాం ప్రభుత్వం దాన్ని కొని తన చేతిలోకి తీసుకుంది. రెండేళ్ళకు, 1932 జూన్‌లో, అదే రైల్వే 27 బస్సులు, 166 మంది ఉద్యోగులతో రోడ్డు రవాణా శాఖ తెరిచింది. మన ఆర్టీసీకి మూలం అదే. ఇంకో పదమూడేళ్ళకు విమానాలూ పెట్టింది. రైలు, బస్సు, విమానం మూడూ ఒకే గొడుగు కింద. ఆ రోజుల్లో ఇలాంటి ఏర్పాటు ఈ దేశంలో అరుదు. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు ఇబ్బంది లేదు. పాలకుడు ఎవరైనా మంచి ఏర్పాటును మంచి ఏర్పాటే అనాలి.

అయితే రైల్వే డబ్బు ఎవరి డబ్బు? మన దేశంలో రైళ్ళకు ప్రయాణికుల నుంచి వచ్చే ఆదాయంలో పెద్ద భాగం మొదటి నుంచీ మూడో తరగతి నుంచే వచ్చింది. బెంచీల మీద, నేల మీద, మూటల మధ్య కూర్చుని పోయినవాళ్ళు కట్టిన పైసలు. మిగతాది సరుకు రవాణా. మన వైపు సరుకు అనగానే బొగ్గు. డోర్నకల్ నుంచి ఇల్లందుకు రైలు దారి వేసింది బొగ్గు కోసమే. ఆ రైలు బొగ్గును మోసింది, బొగ్గుతోనే నడిచింది. ఇల్లందులో, తర్వాత బెల్లంపల్లిలో, కొత్తగూడెంలో తట్ట చెమ్మాస్ పట్టి బొగ్గు నింపినవాళ్ళు ఏ కులాలవాళ్ళో నేను చెప్పనక్కర్లేదు. మీలో చాలామంది ఇంటిపేర్లు చెప్తాయి. ఫలానా బొగ్గు టబ్బు పైసలే ఫలానా విమానం రెక్క అయిందని వేలుపెట్టి చూపలేం. కానీ బాయి నుంచి రైలుకు, రైలు నుంచి విమానానికి డబ్బు నడిచిన దారి మాత్రం దాచేది కాదు.

ఇంకో సంగతి. అదే 1945లో నిజాం ప్రభుత్వం సింగరేణి కాలరీస్‌లో మెజారిటీ వాటాలు కొన్నది. భూమి కింద బాయి, ఆకాశంలో విమానం, రెండూ ఒకే ఏడాది ఒకే సర్కారు ఖాతాలోకి వచ్చాయి. మన ఎం.ఏ. చరిత్ర విద్యార్థులు ఎవరైనా ఈ రెండు కొనుగోళ్ళనూ పక్కపక్కన పెట్టి ఒక పరిశోధన చేస్తే బాగుంటుంది. సింగరేణి చరిత్ర వేరుగా, విమానాల చరిత్ర వేరుగా రాసినంతకాలం ఈ ముడి కనబడదు.

29 శాతం సంగతి. టాటాలకు ఈ దారి పాతదే. 1932 అక్టోబర్ 15న కరాచీ నుంచి బొంబాయికి జె.ఆర్.డి. టాటా టపా విమానం నడిపాడు. బొంబాయి నుంచి బళ్ళారి మీదుగా మద్రాసుకు నెవిల్ వింట్సెంట్ తీసుకుపోయాడు. కొన్నేళ్ళకే బళ్ళారి స్థానంలో హైదరాబాద్ వచ్చింది. ఆ విమానాల్లో మనుషుల కన్నా ఉత్తరాలే ముఖ్యం. విమాన వ్యాపారం గురించి అర్థం చేసుకోవాల్సింది ఇక్కడే ఉంది. టికెట్ల మీద విమానం బతకడం మొదటి నుంచీ కష్టమే. టపా మోసినందుకు సర్కారు ఇచ్చే డబ్బే దాన్ని నిలబెట్టింది. టపా ఒప్పందం చేతిలో ఉన్న కంపెనీ బతికింది, లేనిది మునిగింది.

డెక్కన్ ఎయిర్‌వేస్ నడిపినవి డకోటాలు, అంటే డీసీ–3 విమానాలు. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక సైన్యాలకు అక్కరలేని డకోటాలు మన దేశంలో చవగ్గా దొరికాయి. సైనికుల్ని మోసిన వాటిలోనే సీట్లు బిగించి ఇరవై పైచిలుకు మందిని కూర్చోబెట్టేవాళ్ళు. హైదరాబాద్ నుంచి మద్రాసుకు, బెంగళూరుకు, బొంబాయికి, నాగపూర్ మీదుగా ఢిల్లీకి నడిచాయి. విమానాలు చవగ్గా దొరికాయని కంపెనీలు పుట్టగొడుగుల్లా పుట్టాయి, లైసెన్సులు ఇష్టమొచ్చినట్టు ఇచ్చారు, ప్రయాణికులు సరిపోలేదు. 1950లో జస్టిస్ రాజాధ్యక్ష కమిటీ ఈ గందరగోళం మీదే విచారణ చేసింది.

ఈ మొత్తం కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం రాత్రి టపా. 1949లో మొదలైంది. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు నగరాల నుంచి రాత్రిపూట నాలుగు విమానాలు బయల్దేరేవి. నాలుగూ నడిరేయికి నాగపూర్‌లో దిగేవి. టపా సంచులు ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి మారేవి. మద్రాసు సంచి ఢిల్లీ విమానంలోకి, కలకత్తా సంచి బొంబాయి విమానంలోకి. తెల్లారేసరికి ఎవరి ఊరికి వాళ్ళు తిరిగి చేరేవాళ్ళు. దేశానికి నట్టనడుమ ఉండటం ఒక్కటే నాగపూర్ అర్హత. ఈ పని ఒక కంపెనీ తర్వాత ఒక కంపెనీ చేశాక డెక్కన్ ఎయిర్‌వేస్ చేతికి వచ్చింది.

ఇప్పుడు ఒక పటం తీసుకోండి. మద్రాసు మీద, నాగపూర్ మీద స్కేలు పెట్టి గీత గీయండి. ఆ గీత దాదాపు మంచిర్యాల మీదుగానే పోతుంది! నేను గీసి చూసి కాసేపు అలాగే కూర్చున్నాను. పైలట్లు గీత మీదే తోలారని అనను, గాలిని బట్టి, వానను బట్టి అటూ ఇటూ జరుగుతారు. అయినా మద్రాసు నుంచి నాగపూర్ పోయే రాత్రి టపా ఈ బొగ్గు పట్టీ పైనుంచే పోయి ఉండాలి. కింద బెల్లంపల్లి బాయిల్లో రాత్రి షిఫ్టు నడుస్తూ ఉంటుంది. పైన టపా సంచులు.

ఆ సంచుల్లో మనవాళ్ళ ఉత్తరాలు ఉండే అవకాశం కూడా ఉంది. 1949లోనే దేశంలోపల ఉత్తరాలకు విమానం కోసం అదనపు రుసుము తీసేశారు. మామూలు స్టాంపు అంటించిన ఉత్తరం కూడా విమాన దారి ఉన్నచోట విమానంలోనే పోవచ్చు. డబ్బున్నవాడి ఉత్తరం పైనుంచి, లేనివాడి ఉత్తరం కిందినుంచి పోవాలన్న తేడా పోయింది. ఎవరితోనో రాయించుకున్న ఉత్తరం అయినా సరే, బాయి కార్మికుడి మాట డకోటాలో ఎగిరింది. మనిషికి మాత్రం సీటు లేదు. ఒక సేవను అందరికీ ఒకే ధరకు ఇవ్వాలని సర్కారు నిర్ణయిస్తే ఎలా ఉంటుందో ఆ స్టాంపు చూపించింది. ప్రయాణం విషయంలో ఆ నిర్ణయం ఎన్నడూ జరగలేదు.

పైలట్ల సీట్లో ఎవరిని కూర్చోనిచ్చారు అన్నదీ చూడాలి. డెక్కన్ ఎయిర్‌వేస్ పేరు ఇప్పటికీ పరీక్షల్లో వచ్చేది ప్రేమ్ మాథుర్ వల్ల. భారతదేశంలో వాణిజ్య విమానం నడిపిన మొదటి మహిళ ఆమె. ఎనిమిది కంపెనీలు ఆడమనిషి అని కాదన్నాక డెక్కన్ ఎయిర్‌వేస్ తీసుకుంది. 1949లో జాతీయ విమాన పందెం కూడా గెలిచింది. పోటీ పరీక్షల పుస్తకాలు ఇక్కడితో ఆగుతాయి. తర్వాత జరిగింది ఏమిటంటే, కో–పైలట్‌గా ఎన్నాళ్ళు చేసినా కంపెనీ ఆమెకు విమానం మీద పూర్తి అధికారం ఇవ్వలేదు. పక్క సీటు ఇచ్చింది, కెప్టెన్ సీటు ఇవ్వలేదు. విసుగొచ్చి వదిలేసి, జి.డి. బిర్లా సొంత విమానం నడపడానికి ఢిల్లీ పోయింది. తలుపు తీసి గడప దగ్గరే నిలబెట్టడం ఎలా ఉంటుందో మనకు బాగా తెలుసు. అందుకే ఆమె కథ మనకు పరాయిది కాదు.

ఇక 1948. ఇక్కడ మన ఉద్యమానికే ఇబ్బందికరమైన సంగతి ఒకటి ఉంది. దాన్ని దాటవేయడం నాకిష్టం లేదు.

హైదరాబాద్ చుట్టూ భారత ప్రభుత్వం ఆర్థిక దిగ్బంధం పెట్టింది. విమాన రాకపోకలు కూడా ఆ కట్టడిలో పడ్డాయి. సక్రమమైన దారి మూతపడితే అక్రమమైన దారి తెరుచుకుంది. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా పైలట్ కరాచీ నుంచి లాంకాస్ట్రియన్ విమానాల్లో రాత్రిపూట నిజాం సైన్యానికి ఆయుధాలు తెచ్చాడు. బీదర్‌లో, వరంగల్‌లో దిగేవని చరిత్రకారులు రాశారు. తర్వాత లండన్ కోర్టు అతనికి వేసిన శిక్ష 200 పౌండ్ల జరిమానా. అదే రోజుల్లో మన ఊళ్ళలో ఒక గొర్రె తప్పిపోతే పాలేరుకు పడే శిక్షతో పోల్చి చూసుకోండి.

ఆ సెప్టెంబర్‌లో హైదరాబాద్ వాదన వినిపించడానికి పారిస్‌లో జరుగుతున్న ఐక్యరాజ్యసమితి భద్రతా మండలికి నిజాం ప్రతినిధి బృందం వెళ్ళింది. మొయిన్ నవాజ్ జంగ్ నాయకుడు. అందులో ఒక దళితుడు ఉన్నాడు, శ్యాంసుందర్. ఔరంగాబాద్‌లో పుట్టి హైదరాబాద్‌లో అణగారిన వర్గాల సంఘాన్ని నడిపిన మనిషి, 1968లో భీమసేన స్థాపించిన మనిషి. సెప్టెంబర్ 16న మండలి ఈ విషయం వినేసరికే సైన్యం హైదరాబాద్ వైపు నడుస్తోంది. 17కల్లా అంతా అయిపోయింది.

శ్యాంసుందర్‌ను నిజాం మనిషి అని ఒక్క మాటతో తీసిపారేసేవాళ్ళు ఉన్నారు. నేను ఆ మాట అనను. బి.ఎస్. వెంకటరావు మంత్రిగా ఉండగా అణగారిన కులాల చదువు కోసం కోటి రూపాయల నిధి పెట్టించాడు. ఆ రాజ్యంలో ఆ కాలంలో అది చిన్న సంగతి కాదు. మరోవైపు అదే రాజ్యంలో మనవాళ్ళు దొరల గడీల్లో వెట్టి చేస్తూ, రజాకార్ల దెబ్బలు తింటూ, సాయుధ పోరాటంలో చస్తూ ఉన్నారు. అవతలి పక్షం కాంగ్రెస్‌లో ఆ దొరల చుట్టాలే ఖద్దరు వేసుకుని నిలబడ్డారు. ఏ వైపు నిలబడాలో తేల్చుకోవడం అంత సులువా? నా అభిప్రాయం మాత్రం ఇది: శ్యాంసుందర్ ఎంచుకున్న పక్షం తప్పు, ఆయన అడిగిన ప్రశ్న తప్పు కాదు. రేపు అధికారం మారితే మాకేం దక్కుతుందని ఆయన అడిగాడు. 1949 ఫిబ్రవరిలో బేగంపేట విమానాశ్రయంలో నిజాం చేతులు జోడించి సర్దార్ పటేల్‌కు ఎదురెళ్ళిన ఫోటో మనందరం చూశాం. నిజాం ఆ తర్వాత రాజ్‌ప్రముఖ్ అయ్యాడు. గడీలు చాలావరకు గడీలుగానే ఉన్నాయి.

డెక్కన్ ఎయిర్‌వేస్ ముగింపు తొందరగానే వచ్చింది. నిజాం రైల్వే మూడు ముక్కలైంది. పట్టాలు భారత రైల్వేలోకి, బస్సులు రాష్ట్ర ప్రభుత్వంలోకి పోయాయి. విమానాలు 1953 ఆగస్టు 1న ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిశాయి. ఎయిర్ కార్పొరేషన్ల చట్టం కింద ఎనిమిది కంపెనీలను జాతీయం చేశారు, అందులో మనది ఒకటి. కొత్త సంస్థకు మొత్తం 99 విమానాలు దక్కాయి, వాటిలో 74 డకోటాలే.

మనకు సంబంధించినంతవరకు ఆ తేదీ ఒక మలుపు. ప్రయాణికులుగా కాదు, టికెట్టు ధర ఆ రోజూ అందలేదు. ఉద్యోగులుగా. ప్రభుత్వ సంస్థ అయ్యాక కాలక్రమంలో రిజర్వేషన్ నియమాలు దానికీ వర్తించాయి. 1970ల నుంచి ప్రభుత్వ రంగ సంస్థల్లో షెడ్యూల్డ్ కులాలకు 15 శాతం, తెగలకు 7.5 శాతం అన్నది కాగితం మీదికైనా వచ్చింది. అమలులో ఎన్ని దొంగాటలు ఆడారో, బ్యాక్‌లాగ్ పోస్టులు ఎట్లా మూలనపడ్డాయో అక్కడి ఎస్సీ ఎస్టీ ఉద్యోగుల సంఘాలవాళ్ళే చెప్పాలి. అయినా సామాను ఎక్కించే పనిలో, వర్క్‌షాపులో, టికెట్ కౌంటర్లో, ఆఫీసులో మన పిల్లలు కూర్చున్నారు. నిజాం కాలంలో రైల్వే విమానానికి డబ్బు పెట్టినప్పుడు లేని హక్కు అది.

ఆ తలుపు ఎప్పుడు మూసుకుందో కూడా తేదీతో చెప్పొచ్చు. 2007లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌ను ఎయిర్ ఇండియాలో కలిపారు. 2022 జనవరి 27న ఎయిర్ ఇండియాను టాటాలకు అప్పగించారు. ఒప్పందం విలువ 18,000 కోట్లు అన్నారు. అందులో సర్కారు చేతికి వచ్చిన నగదు 2,700 కోట్లు, మిగతా 15,300 కోట్లు కొనేవాళ్ళు మోసే అప్పు. 1945లో బేగంపేటలో 29 శాతం వాటా ఉన్నవాళ్ళ చేతికి, డెబ్భై ఏడేళ్ళ తర్వాత ఆ వంశం మొత్తం చేరింది. మధ్యలో 71 శాతం ఏమైంది? రైల్వేది, అంటే మూడో తరగతి ప్రయాణికులదీ బొగ్గుదీ అయిన ఆ భాగం? దానికి వారసులు ఎవరూ లేరన్నట్టే అమ్మకం జరిగిపోయింది. ప్రైవేటు కంపెనీలో రిజర్వేషన్ ఉండదు. కొత్తగా చేరేవాళ్ళకు 15 శాతం అన్న లెక్కే లేదు. టీవీల్లో ఆ రోజు 'ఇంటికి చేరిన మహారాజా' అని సంబరం చేశారు. ఎవరింటికి?

ఇప్పుడు మన బసంత్‌నగర్ దగ్గరికి వద్దాం. 1969లో అక్కడ కేశోరాం సిమెంటు ఫ్యాక్టరీ వచ్చింది, బిర్లాలది. రన్‌వే వేసుకున్నదీ ఆ కంపెనీయే. తర్వాత రామగుండం చుట్టూ పెద్ద సంస్థలు లేచాయి. ఎన్టీపీసీకి 1978 నవంబర్ 14న శంకుస్థాపన, ఎరువుల కర్మాగారంలో 1980లో ఉత్పత్తి. ఢిల్లీ నుంచి, హైదరాబాద్ నుంచి అధికారులు రావాలి, పోవాలి. 1981లో ఇండియన్ ఎయిర్‌లైన్స్, ఎయిర్ ఇండియా కలిసి చిన్న ఊళ్ళ కోసం వాయుదూత్ అనే సంస్థను పెట్టాయి. మొదట ఈశాన్య రాష్ట్రాలకు, తర్వాత దేశమంతటా. కాన్పూర్‌లో మన దేశంలోనే తయారైన డోర్నియర్ విమానాలు, పంతొమ్మిది సీట్లవి. 1980ల్లో అది హైదరాబాద్ నుంచి బసంత్‌నగర్‌కూ కొంతకాలం నడిచింది. నేను క్లాసులో చెప్పిన 'వచ్చి పోయిన' గాలిమోటరు అదే.

వాయుదూత్ పుట్టిన 1981లోనే మన బాయిలు 56 రోజులు బంద్ అయ్యాయి. ఒక్క రోజు సమ్మె చేస్తే ఎనిమిది రోజుల జీతం కోస్తామన్న నియమం మీద కార్మికులు తిరగబడ్డ సంవత్సరం అది. ఒకే ఏడాది, ఒకే సర్కారు. అధికారి ఒక రోజు ప్రయాణం మిగుల్చుకోవడానికి నష్టం భరించి విమానం నడిపే సంస్థ పెట్టింది, కార్మికుడి ఒక రోజు సమ్మెకు ఎనిమిది రోజుల కూలి పట్టుకుంటానంది. ఈ రెండు లెక్కల్నీ రాసిన బుద్ధి ఒకటేనని నా అభిప్రాయం.

వాయుదూత్ నష్టాల్లో కూరుకుపోయి 1993లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. ఎరువుల కర్మాగారం 1999లో మూతపడింది. రన్‌వే మీద గడ్డి మొలిచింది.

ఆ తర్వాతి తరం ప్రైవేటు ప్రాంతీయ విమానాలది. విజయవాడ నుంచి ఎయిర్ కోస్టా 2013 అక్టోబర్‌లో మొదలై 2017 ఫిబ్రవరిలో ఆగింది. దాని గురించి ఇంతకన్నా చెప్పడానికి లేదు. హైదరాబాద్ కేంద్రంగా ట్రూజెట్ 2015 జూలైలో మొదలైంది. ఏటీఆర్ విమానాలు, అంటే రెక్కలకు పంకాలు తిరిగేవి. 2017 ఏప్రిల్ 27న ప్రధాని సిమ్లాలో ఉడాన్ పథకం కింద మొదటి విమానానికి జెండా ఊపిన రోజునే ట్రూజెట్ హైదరాబాద్ నుంచి కడపకు, నాందేడ్‌కు ఎగిరింది. హవాయి చెప్పులు వేసుకున్నవాళ్ళు హవాయి జహాజ్ ఎక్కాలి అని ప్రధాని అన్న మాట ఊరూరా తిరిగింది.

చెప్పుల ముచ్చట తెచ్చారు కాబట్టి చెప్పులు కుట్టిన జాతి లెక్క అడుగుతుంది. 2017లో ఉడాన్ కింద గంట ప్రయాణానికి టికెట్ గరిష్ఠ ధర 2,500 రూపాయలు ఉండేది, అదీ విమానంలో సుమారు సగం సీట్లకే. ఆ ఏడాది తెలంగాణలో ఉపాధి హామీ కూలి రోజుకు 197 రూపాయలు. అంటే ఒక్క గంట ఎగరడానికి దాదాపు పదమూడు రోజులు మట్టి తవ్వాలి. దిగాక తిరిగి రావడానికి ఇంకో పదమూడు.

పథకం ఎలా నడుస్తుందో కూడా తెలుసుకోండి, ఉద్యమంలో పనికొస్తుంది. తక్కువ ధరకు సీట్లు అమ్మినందుకు కంపెనీకి వచ్చే నష్టాన్ని సర్కారు పూడుస్తుంది. ఆ డబ్బు కోసం పెద్ద నగరాల మధ్య తిరిగే విమానాల మీద సుంకం వేస్తారు, రాష్ట్రం కూడా వాటా కడుతుంది. ఈ సాయం ఒక్కో దారికి మూడేళ్ళు. మూడేళ్ళ తర్వాత సొంత కాళ్ళ మీద నిలబడాలి. నిలబడ్డాయా? 2023లో కాగ్ ఇచ్చిన నివేదిక ప్రకారం కేటాయించిన 774 దారుల్లో అసలు మొదలైనవే 371. మూడేళ్ళు పూర్తిచేసినవి 112. ఆ తర్వాత కూడా నడుస్తున్నవి 54. ట్రూజెట్ 2022 ఫిబ్రవరిలో ఆగిపోయింది. సాయం ఉన్నంతసేపు ఎగరడం, ఆగగానే దిగిపోవడం, 1949లో టపా ఒప్పందం కోసం కొట్టుకున్న కంపెనీల కథకు ఇది కొత్త ముద్రణ.

విమానాశ్రయం వద్దని నేను అనడం లేదు. మన పిల్లలు కూడా విమానం ఎక్కాలి, నడపాలి, బాగుచేయాలి. హైదరాబాద్ ఆసుపత్రికి ప్రాణం మీదికొచ్చిన మనిషిని తీసుకుపోవడానికి ఒక రన్‌వే దగ్గర్లో ఉంటే ఎవరికి చేదు? కానీ ఇప్పటిదాకా జరిగిన మూడు అంకాల్లోనూ ప్రజల డబ్బు పెట్టుబడి అయింది, మన మనుషులకు దొరికింది మాత్రం నడుమ కొన్నేళ్ళ ఉద్యోగాలే. కాబట్టి టికెట్టు ధర గురించి కన్నా ముందు వేరే ప్రశ్నలు అడగాలి.

వరంగల్ మామునూరు చూడండి. నిజాం కాలపు రన్‌వే, కాగజ్‌నగర్ కాగితం మిల్లుకూ ఆజంజాహీ మిల్లుకూ పనికొచ్చిందని చెప్తారు. 2025లో కేంద్రం మళ్ళీ అనుమతి ఇచ్చింది. పాత భూమి చాలదని ఇంకో 253 ఎకరాలు సేకరించే పనిలో పడ్డారు. అక్కడి రైతులు ధర కోసం రోడ్డెక్కారు. పట్టా ఉన్నవాడు ధర అడగగలడు. అసైన్డ్ భూమి సాగు చేసుకునేవాడు ఏం అడుగుతాడు? అసలు భూమే లేని కూలి, ఆ పొలంలో కలుపు తీసి బతికే ఆడమనిషి, ఆమె పేరు ఏ సేకరణ జాబితాలో ఉంటుంది? ఓపెన్‌కాస్టుల కింద ఊళ్ళు పోయిన మనకు ఈ జాబితాలు ఎలా తయారవుతాయో ఒకరు చెప్పాలా?

అంతర్గాం, బసంత్‌నగర్, పాలకుర్తి వైపు ఉన్న విద్యార్థి మిత్రులకు ఒక పని. సమాచార హక్కు దరఖాస్తు పది రూపాయలు. రామగుండం విమానాశ్రయం కోసం చూస్తున్న సర్వే నంబర్లు ఏవి, వాటిలో అసైన్డ్ ఎన్ని ఎకరాలు, సాగుదార్లలో ఎస్సీలు ఎందరు, నిర్మించేది ప్రభుత్వమా ప్రైవేటా, ఉద్యోగాలు శాశ్వతమా కాంట్రాక్టా, కాంట్రాక్టయితే రిజర్వేషన్ వర్తిస్తుందా, ఈ ఆరు ప్రశ్నలు తెలుగులోనే రాసి పెద్దపల్లి కలెక్టరేట్‌లో ఇవ్వండి. వచ్చిన జవాబు కాపీ నాకూ పంపండి.

ఇంకో పని పెద్దవాళ్ళతో. వాయుదూత్ రోజుల్లో ఆ రన్‌వే మీద కావలి కాసినవాళ్ళు, గడ్డి కోసినవాళ్ళు, సామాన్లు మోసినవాళ్ళు మీ ఇళ్ళల్లో, వాడల్లో ఎవరైనా ఉంటే కూర్చోబెట్టి అడగండి, ఫోన్‌లో రికార్డు చేయండి. విమానం దిగినప్పుడు పిల్లలంతా కంచె దగ్గరికి ఉరికేవాళ్ళని ఒక పెద్దాయన నాతో అన్నాడు. కంచెకు అవతల పనిచేసిన మనవాళ్ళ మాటలు మాత్రం నాకింకా దొరకలేదు.

వచ్చే భాగం 27 బస్సుల గురించి.